అమ్మ ఎన్నింటికి వస్తుంది?

హలో… ఆ, నేనే, చెప్పు తల్లీ. కాస్త గట్టిగా మాట్లాడు, ఇక్కడ అటూ ఇటూ అందరూ ఫోన్లలోనే ఉన్నారు.

…తిన్నావా?

…ఊఁ. కంచం సింకులో వేశావా, లేక మంచం కిందే ఉందా?

…వేస్తావులే. నేనొచ్చేదాకా అది అక్కడే ఉంటుందని నాకు తెలుసు. సరే, ఏంటి సంగతి?

…ఇవాళ ఎన్నింటికా? రోజూ వచ్చినట్టే. ఆరు. బస్సు దయతలిస్తే ఆరు, లేకపోతే ఆరున్నర. ఇవాళ వెనక్కొచ్చిన పార్సిళ్ళు గుట్టలా పడున్నాయి. పొద్దున్నించి డెబ్బై ఫోన్లు చేశాను. 'అడ్రసు సరిగ్గా చెప్పండి, ఏదైనా గుర్తు చెప్పండి'… నోరు పిడచకట్టుకుపోయింది. అందరూ మెయిన్ రోడ్డు పక్కన అనే అంటారు. మెయిన్ రోడ్డు పక్కన లేని ఇల్లు నాకింతవరకు తగల్లేదు.

…ఏం, ఆకలేస్తోందా? డబ్బాలో బిస్కెట్లు ఉన్నాయి చూడు.

…అడిగారా? ఎవరు?

…ఎవరూ లేరంటావేంటి? ఎవరో ఒకరు అడగందే నువ్వు నాకు ఫోన్ చేసి మరీ కనుక్కుంటావా?

…ఫ్రెండా. ఏ ఫ్రెండు, మీ క్లాసమ్మాయా?

…గేమ్‌లోనా.

…

గేమ్‌లో ఫ్రెండుకి నేను ఇవాళ ఎన్నింటికి ఇంటికొస్తే ఏంటమ్మా?

…

లేదు, కోప్పడటం లేదు. ఉండు, ఒక్క నిమిషం… సార్, ఇంటి నించి సార్. మా పాప. ఒక్క పది నిమిషాలు… ఆ ఫోన్ల లిస్టంతా నేనే పూర్తి చేస్తాను సార్… థాంక్యూ సార్.

ఆ, మా సూపర్‌వైజర్ గారు. ఏమీ అనలేదు, చెయ్యి ఊపారు. మెట్ల దగ్గరికి వచ్చేశాను, ఇక్కడెవరూ లేరు. ఇప్పుడు చెప్పు. ముందు ఇది చెప్పు, వాడికి జవాబు ఇచ్చేశావా? ఆరింటికి అని?

…ఇవ్వలేదు. నన్ను కనుక్కుని చెబుదామని ఆగావు. ఎందుకు ఆగావు?

…'టైము తప్పు చెబితే పాపం ఆ మనిషి రెండుసార్లు తిరగాలి.'

…నా మాటే. అవును, నా మాటే కదే అది.

సరే. ఆగి మంచి పని చేశావు. ఇంకేమీ రాయకు. తలుపు గడియ పెట్టుందా?

…పైదొక్కటే కాదు, కిందది కూడా. వెళ్ళి పెట్టిరా. నేను లైన్లోనే ఉన్నా.

…

…ఆ, శబ్దం వినిపించింది. ఇప్పుడు కూర్చో. ట్యాబ్ ముందు పెట్టుకో. ఆ ఫ్రెండు పేరేంటి?

…నీలి డ్రాగన్. అది పేరు కాదమ్మా, బొమ్మ. అసలు పేరు?

…తెలీదు. వయసు?

…పన్నెండు అన్నాడు. గొంతు ఎప్పుడైనా విన్నావా?

…వాడి మైకు పాడైంది. ఊఁ. రెండు నెల్ల నించీ పాడయ్యే ఉంది. నీ మైకు?

…నీది బానే ఉంది. అంటే నువ్వు మాట్లాడతావు, వాడు టైపు చేస్తాడు.

…రెక్కలిచ్చాడా? ఓ, అవి వాడిచ్చినవా. నాకు చూపించావు కదూ, నీ బొమ్మ కొండ మీంచి ఎగురుతుంటే. 'అబ్బ, భలే ఉన్నాయే' అన్నాను, కూర తిప్పుకుంటూ. ఎవరిచ్చారే అని ఒక్క ముక్క అడగలేదు.

…మంచివాడేనా. ఎలా తెలుసు?

…

…చెప్పింది వింటాడు.

…అంతా వింటాడా. బళ్ళో బెంచీ మార్చిన సంగతి కూడా చెప్పావా? నాకు చెప్పలేదే.

…చెప్పావా? ఎప్పుడూ?

…'ఊఁ' అన్నానా. అని ఉంటాను. రోజుకి డెబ్బై మంది చెప్పింది వింటాను తల్లీ, ఇంటికొచ్చేసరికి చెవులు మిగలవు. అది నీ తప్పు కాదు. సరే, తర్వాత? రెక్కల తర్వాత ఏమైంది?

…నిజం హెడ్‌ఫోన్సా. పార్సిల్‌లో పంపిస్తానన్నాడు. పుట్టినరోజుకి సర్‌ప్రైజు, అమ్మకి చెప్పొద్దన్నాడు. అందుకని అడ్రసు అడిగాడు.

…ఇచ్చావు.

…ఎంతవరకు ఇచ్చావు? కాదు, ఊరికే చెప్పటం కాదు. అక్కడ నువ్వు రాసింది రాసినట్టు చదువు. నేను వింటున్నా.

…ఆ.

…ఆ. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మెట్లెక్కగానే ఎడమ చేతివైపు. ఆకుపచ్చ తలుపు.

…కింద టైలర్ షాపు గుర్తు. ఊఁ, చదువు.

…'మధ్యాహ్నం రెండున్నర నించి ఆరింటిదాకా నేనొక్కదాన్నే ఉంటాను, నాకు ఇవ్వొచ్చు. బెల్లు పనిచెయ్యదు, తలుపు కొట్టండి.'

…

…

ఉన్నాను తల్లీ. ఉన్నా. మెట్ల మీద కూర్చున్నాను, అంతే. ఇందాకట్నించి నించునే ఉన్నా కదా.

ఒకటి చెప్పనా? ఇవాళ మాట్లాడిన డెబ్బై మందిలో ఒక్కరు కూడా అడ్రసు ఇంత బాగా చెప్పలేదు.

…ఎవరు నేర్పారంటే ఎవర్ని అడగను? ఆఫీసు పని ఇంటి నించి చేసిన రోజుల్లో టేబుల్ కింద కూర్చుని వినేదానివి.

…ఆ, బొమ్మ ఫోన్ పట్టుకుని. 'గుర్తు చెప్పండి సార్, ఇంట్లో ఎవరుంటారు సార్, ఎన్నింటిదాకా ఉంటారు?' నీకు ఆరేళ్ళప్పుడే అడ్రసు మొత్తం గడగడా చెబుతుంటే, ఆఫీసులో అందరికీ వినిపించి మురిసిపోయాను. అడిగినవాళ్ళకి చక్కగా జవాబు చెప్పాలి, నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది అని రోజూ నూరిపోశాను. నీ నోరు మంచిదే. ఊరి సంగతే నేను చూసుకోలేదు.

…ఏడవకు. అమ్మలూ, ఏడవకు. నువ్వు తప్పు చెయ్యలేదు.

…ఊరికే అనటం లేదు. తప్పు వాడిది. మిగిలింది ఏమన్నా ఉంటే అది నాది.

…ఏంటి?

…బీరువాలోనా? ఎందుకు పెడతాను?

…అన్నానా. అన్నాను. 'ఒక్క గొడవ వచ్చిందంటే ట్యాబ్ బీరువాలోకి పోతుంది' అని. అందుకే ఇన్నాళ్ళూ చెప్పలేదా?

…

సరే, విను. పెట్టను. నువ్వు నాకు చెప్పినందుకు నీ దగ్గర్నించి ఏదీ తీసుకోను. ఇవాళే కాదు, ఎప్పుడూ.

…ఒట్టేనమ్మా, ఒట్టు. ముక్కు తుడుచుకో. గౌనుకి కాదు.

ఫోటోలేమైనా పంపావా?

…తలుపుది అడిగాడా. పార్సిల్ అబ్బాయి పొరబడకుండా. పంపావా?

…తీశావు కానీ వెళ్ళలేదు. నెట్టు తిరుగుతూనే ఉంది. హమ్మయ్య. ఆ నెట్టుని రోజూ తిట్టిపోస్తాను, ఇవాళ దానికో దణ్ణం. అది ఆపెయ్, వెళ్ళనివ్వకు.

…ఆగిందా? మంచిది. ఇప్పుడు— చెరపకు! చెరిపేస్తున్నావా? వద్దు. ఒక్కటి కూడా చెరపకు.

…సిగ్గుగానే ఉంటుంది. ఉండనీ. ఆ మాటలన్నీ మనకి కావాలి. రెండు బటన్లు కలిపి నొక్కితే స్క్రీన్ ఫోటో వస్తుంది చూడు… ఆ, నాకంటే నీకే బాగా తెలుసు. మొదటి రోజు నించి ఇవాళ్టిదాకా తియ్యి. నేనుంటాను.

…

…ఎన్నొచ్చాయి?

…ఇరవై మూడు. సరే. సాయంత్రం సైబర్ పోలీసులకి నేనే ఫోన్ చేసి ఫిర్యాదు ఇస్తాను, ఇవన్నీ చూపిస్తాను. నువ్వేం చెప్పనక్కర్లేదు, నా పక్కన కూర్చుంటే చాలు. ఇప్పుడు వాడి బొమ్మ మీద నొక్కు. 'రిపోర్ట్' అని ఉందా?

…నొక్కు. ఏం జరిగిందని అడుగుతుంది.

…'సొంత వివరాలు అడిగారు', అదే. దాని తర్వాత 'బ్లాక్'.

…ఏంటి, నొక్కవేం?

…బాధపడతాడా? పడనీ.

…అవును, అడిగినవాళ్ళకి జవాబు చెప్పకపోతే పొగరంటారు అన్నాను. నేనన్నవన్నీ ఇవాళే అప్పజెప్పాలా నువ్వు? విను. ఇంట్లో ఎవరున్నారు, ఎప్పుడు ఎవరూ ఉండరు, ఆ మాట ఎంత మర్యాదగా అడిగినా చెప్పక్కర్లేదు. నేను రోజూ అడిగే ప్రశ్నే అది. ఎనిమిదేళ్ళయింది ఈ ఉద్యోగంలో. 'నీకెందుకమ్మా ఆ గోల' అని ఒక్కరూ అనలేదు, నాకూ ఎప్పుడూ వింతగా అనిపించలేదు. ఇప్పుడు నీ నోటివెంట వింటుంటే తెలుస్తోంది అదెలాంటి ప్రశ్నో.

…నొక్కావా? ఏమొచ్చింది?

…'ఈ ఆటగాడు ఇక మీకు కనిపించరు.' మంచిది. పీడా పోయింది అందామంటే నోరు రావడం లేదు. సరే, సెట్టింగ్స్ తెరువు. పుట్టిన సంవత్సరం దగ్గర ఏముంది?

…నాది. నేనే కొట్టాను.

…నీది కొడితే అమ్మానాన్నల అనుమతి కావాలి, ఈమెయిలు కావాలి, అదీ ఇదీ అని ఒక పట్టాన వదల్లేదు. స్టవ్ మీద పాలు పొంగుతున్నాయి, నువ్వేమో కాళ్ళకి అడ్డం పడి 'అయిందా, అయిందా' అంటున్నావు. నా సంవత్సరం కొట్టేసి నీ చేతిలో పెట్టేశాను. ఆ గేమ్ లెక్కలో నువ్వు ముప్పై ఏడేళ్ళ ఆవిడవి. పిల్లల కోసం వాళ్ళు కట్టిన కంచె ఒక్కటీ నీ చుట్టూ లేదు. తాళం వేసి గొళ్ళెం మరిచారంటారు, మనం అసలు తలుపే పెట్టలేదు.

…నవ్వకు, ముప్పై ఏడు ముసలితనం కాదు.

సాయంత్రం కూర్చుని నీ వయసుతో కొత్త అకౌంటు చేద్దాం. ఎన్ని అనుమతులు అడిగితే అన్నీ ఇస్తాను. ఇప్పటికి 'చాట్' అన్న చోట చూడు. 'అందరూ' అని ఉందా?

…'ఎవరూ వద్దు' పెట్టు.

…క్లాసు పిల్లలతో అయితే రేపు, నేను చూశాక. ఇవాళ మాత్రం ఎవరూ వద్దు. మైకు కూడా ఆపు. ఫోటో ఏముంది?

…యూనిఫాంలో ఉన్నదా! జేబు మీద బడి పేరు కనబడుతోందా?

…కనబడుతోంది. తీసేసి పిల్లి బొమ్మేదో పెట్టు.

…కుక్కయితే కుక్క. నీ ఇష్టం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవటమే ఇదంతా. అయినా పట్టుకోక ఏం చేస్తాం…

ఏంటా శబ్దం?

…తలుపా? ఆగు, లేవకు. జవాబు ఇవ్వ—

…

ఏమన్నావు? ఇప్పుడు ఏమని అరిచావు?

…'అమ్మ లేదండీ, ఆరింటికి వస్తుంది, నేనొక్కదాన్నే ఉన్నాను.'

తల్లీ…

…అలవాటే. తెలుసు, అలవాటే. ఎవరు వచ్చింది?

…ఇస్త్రీ ఆయనా? గొంతు గుర్తుపట్టావా, సరిగ్గా?

…దగ్గుతున్నాడు. ఆయనే. తలుపు తియ్యకు. 'అమ్మ పనిలో ఉంది, బట్టలు అక్కడే పెట్టి వెళ్ళండి' అను.

…అబద్ధం ఎలా అవుతుందే? నేను పనిలోనే ఉన్నాను కదా!

…

…వెళ్ళిపోయాడా. ఇదిగో, ఇక నించి తలుపు దగ్గర ఎవరొచ్చినా ఆ ఒక్క మాటే. ఆరింటి ఊసు వద్దు, ఒక్కదాన్నే ఊసు అసలు వద్దు.

…నాన్నకి చేస్తే తియ్యరు. షిఫ్టు అయ్యేదాకా ఆయన ఫోన్ లాకర్లో ఉంటుంది. పైన క్రేన్‌లో కూర్చున్న మనిషికి ఇప్పుడు ఇది చెప్పి ఏం లాభం? కిందికి దిగాక నేనే చెబుతాను. అరుస్తారు. నా మీద అరుస్తారులే, నీ మీద కాదు.

ఇప్పుడు నువ్వు అక్కడ ఒక్కదానివే ఉండటం నాకు ఇష్టం లేదు. ఎవరింటికైనా వెళ్ళి కూర్చో.

…రాకపోవచ్చు. ఏ ఊళ్ళో ఉన్నాడో, ఏ దేశంలో ఉన్నాడో. నిజంగానే పన్నెండేళ్ళ పిల్లాడేమో కూడా.

…నాకు తెలీదమ్మా. తెలీదు కాబట్టే వెళ్ళమంటున్నాను. తెలిస్తే ఇంత బాధ ఉండదు. ఎదురింట్లో టీచరమ్మ ఉంటే ఆవిడ దగ్గరికి. తలుపు తియ్యకపోతే కిందికి, టైలర్ అత్త షాపులోకి. అమ్మ వచ్చేదాకా ఉండమందని చెప్పు, చాలు.

…నేనూ బయల్దేరుతున్నా. సార్‌ని అడుగుతాను. ఇవ్వకపోయినా బయల్దేరుతాను.

…భయమేస్తోందా? నాకూ వేస్తోంది. అందుకే ఇద్దరం చెయ్యాల్సింది చేసేద్దాం. ముందు కిటికీలోంచి మెట్లవైపు చూడు. ఎవరైనా ఉన్నారా?

…ఎవరూ లేరు. ఇస్త్రీ బట్టలు ఉన్నాయి. లోపల పెట్టకు, పోతే పోయాయి. చెప్పులేసుకో. ట్యాబ్ తీసుకో. ఈ బటన్ ఫోన్ చేతిలోనే ఉండనీ… అయ్యో.

…నాది రెండు శాతం ఉంది. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే ఇదే. చార్జర్ పక్క సీటావిడ పట్టుకెళ్ళింది. ఇది ఆగిపోతే కంగారుపడకు, నేను దార్లో ఉన్నాననుకో. ఈలోగా కొత్త నంబరు నించి ఫోన్ వస్తే ఎక్కడున్నావో చెప్పకు.

…పార్సిల్ వాళ్ళైనా చెప్పకు.

…బడి నించి అన్నా, పోలీసులమన్నా, మీ అమ్మ పంపింది అన్నా చెప్పకు. వాడి దగ్గర ఏ నంబరు ఉందో, ఎవరి దగ్గర ఏముందో మనకి తెలీదు.

…ఎవరైనా సరే అంటే ఎవరైనా సరే. ఈ ఒక్కసారికి మర్యాద లేకపోయినా ఫరవాలేదు. బయటికొచ్చావా? తాళం వెయ్యి. లాగి చూడు.

…ఆ. ఇప్పుడు టీచరమ్మ తలుపు కొట్టు. తీశారో లేదో, ఎవరింట్లో ఉన్నావో నాకు చెప్పు, అప్పుడే పె—

హలో?

హలో? …తల్లీ?

*

హలో… నేనేనమ్మా. అమ్మని. ఆ పాడు ఫోన్ చచ్చింది, ఇది మా సూపర్‌వైజర్ గారిది. గేటు దగ్గరున్నాం, ఆయనే నన్ను ఇంటికి పంపిస్తున్నారు. టీచరమ్మ నంబరు, టైలర్ అత్త నంబరు అన్నీ ఆ చచ్చినదాంట్లోనే ఉన్నాయి. పొద్దస్తమానం నంబర్లే కొడతాను, తీరా చూస్తే నోటికి వచ్చింది నీదొక్కటే.

…వెళ్ళావా? ఎవరింట్లో ఉన్నావు?

…

హలో? వినబడుతోందా?

…వినబడుతోంది. మరి చెప్పు. ఎదురింట్లోనా, కిందా?

…

నేనే తల్లీ. నా గొంతు గుర్తుపట్టలేదా?

…పట్టావు. పట్టి?

…

…'కొత్త నంబరు.'

…

అన్నాను. ఎవరైనా సరే అన్నాను, నిజమే. కానీ అది నా సంగతి కాదు కదమ్మా, నేను నీ… ఇదిగో చూడు. ఇప్పుడు బస్సెక్కాలి. ముప్పావుగంట. అంతసేపూ నువ్వెక్కడున్నావో తెలీకుండా నేనెలా కూర్చోను? ఎదురు అను, లేకపోతే కింద అను. ఒక్క ముక్క. ఎవరికీ వినబడదు—

…

పక్కన పెద్దవాళ్ళు ఎవరైనా ఉన్నారా? అదైనా చెప్పు.

…

అది కూడా చెప్పవు.

…

ఏడుస్తున్నావా?

…లేదు. ఊఁ. గొంతు బానే ఉంది.

…

సరే. సరే తల్లీ. నువ్వు చేసిందే రైటు. చెప్పకు. నేను బతిమాలినా చెప్పకు. ఇప్పుడు బతిమాలాను చూడు, అలా ఇంకో పదిసార్లు బతిమాలినా చెప్పకు. వచ్చేస్తున్నాను. రెండు తలుపులే కదా, రెండూ కొడతాను.

…ఏంటి?

…నువ్వే పెట్టేస్తావా?

…ఆ. పెట్టెయ్. పెట్టెయ్ అమ్మా, నేను పెట్టలేను—

…

పెట్టేసింది సార్. ఇదిగోండి మీ ఫోన్.

…ఎక్కడుందో తెలీదు సార్. నాకు కూడా చెప్పలేదు.